మూత పట్టని కంప్యూటర్

విడవలూరు మండలంలో కంప్యూటర్ వేగాన్ని సొంతంగా పెంచి, మూడు గంటల పెళ్లి వీడియోను ఒక్క పూటలో తయారుచేసిన మొదటి మనిషి మా తమ్ముడి కూతురు మెహక్. సొంత మనిషని పొగడటం లేదు. ఐదో తరగతితో చదువు ఆపి, నలభై ఏళ్లలో మూడొందల పడవ ఇంజన్లు బాగుచేసిన చేతులు నావి. పనితనం చూస్తే గుర్తుపడతాను.

అది పాత కంప్యూటర్. వేగం పెంచితే లోపలి ప్రాసెసర్ కాలిపోతుంది, దాన్ని చల్లబరిచే కూలర్ కావాలి. నీళ్లు తిరిగే రకం చూసి, "ఇది కొనమ్మా, మా ఇంజన్లకీ నీళ్లేగా" అన్నాను.

"నీ ఇంజను కారితే సముద్రంలోకి పోద్ది పెద్దబ్బా. ఇది కారితే నా పొట్ట మీద పడద్ది."

రాగి గొట్టాలు, పెద్ద ఫ్యాను ఉన్న పద్దెనిమిది వందలది ఎంచింది. నా టేపుతో కొలిస్తే కంప్యూటర్ డబ్బా కన్నా అర అంగుళం ఎత్తు తేలింది.

"మూత పట్టదే!"

"తీసేస్తే సరి. గాలన్నా ఆడద్ది. పట్టేది కావాలంటే ఇంకో వెయ్యి, నువ్విస్తావా?"

వేగాన్ని కొంచెం కొంచెంగా పెంచుతూ, ప్రతిసారీ గంటసేపు పని పెట్టి వేడి రాసుకుంది. ఎనభై అయిదు డిగ్రీలు దాటితే దానంతటదే ఆగిపోయేలా అమర్చింది.

నెల్లూరు స్టూడియో యజమాని సంజీవరావు మాట ఒక్కటే. సోమవారం తొమ్మిదింటికి మూడు వీడియోలు అందితే ఏడాదంతా ఇంటి నుంచే పని, లేకపోతే ఆరు నెలలు వాళ్ల చెన్నై శాఖలో. పక్షవాతంతో మంచాన ఉన్న తల్లి హజరాబీ మెహక్ చేతి ముద్ద తప్ప తినదు. మందులకు ఆధారం ఆ పనే.

ఆదివారానికి రెండు పూర్తయ్యాయి. మూడోది నడుస్తుండగా తల్లికి ఆయాసం వచ్చింది. ఆమెను ఆస్పత్రికి తీసుకెళ్లే ఆటో ఎక్కుతూ మెహక్, "దాన్ని తాకబాక పెద్దబ్బా" అంది.

మధ్యాహ్నం సముద్రపు గాలి లేచింది. ఉప్పుగాలికి యంత్రాన్ని బోడిగా వదిలేవాడు మా తీరంలో ఉండడు. తాకకుండానే పడవ ఇంజన్ టార్పాలిన్ తెచ్చి, అంచులు కూడా దోపి కప్పాను.

తల్లిని ఆస్పత్రిలోనే ఉంచి, సోమవారం ఎనిమిదింటికి మెహక్ ఒక్కతే వచ్చింది. తెర నల్లగా ఉంది. నేను కప్పిన గంటకే వేడి ఎనభై అయిదు దాటి, వీడియో సగంలో ఆగిపోయింది.

"తాకబాక అంటిని గదా."

"తాకలేదమ్మా. కప్పినా."

టార్పాలిన్ లాగి పక్కన పడేసి, స్టూడియోకు ఫోన్ చేసింది. ఫోనులో సంజీవరావు, "టార్పాలిన్ల కథలు నాకెందుకమ్మాయీ, బుధవారం చెన్నైకి వచ్చెయ్" అన్నాడు.

కంప్యూటర్ చెడలేదు. ఆమె ఎంచిన కూలర్, ఆమె పెట్టిన హద్దు దాన్ని కాపాడాయి. వెళ్లేముందు తల్లిని ఇంటికి తెచ్చి, నాకు అప్పగించింది. నేను పెట్టే రెండో ముద్దకే హజరాబీ మొహం తిప్పేసుకుంటుంది. మాట రాదు, తలుపు వైపు వేలు చూపి అడుగుతుంది. మెహక్ తిరిగొచ్చే రోజును నేను గోడ మీది క్యాలెండర్‌లో చూపిస్తాను: 2026 ఏప్రిల్ 9, గురువారం.