మూట ఎత్తినట్టు ఎత్తాను

నా అంత తెలివితక్కువవాడు ఆ కొండ ఎక్కి ఉండడు. కంబదూరులో వేరుశనగ మూటలు లారీకెత్తి పెంచిన ఛాతీతో, నవంబరు మధ్యాహ్నం, ఎదురుగాలిలో సైన్యం మంచు పోస్టులో సిపాయిగా దిగాను. సంచిలో ఉన్ని మేజోళ్లకంటే ముందు సర్దుకున్నది అద్దం.

రేడియో చూసుకునే సిపాయిదీ మా సీమే, ముదిగుబ్బ. అద్దం చూసి నవ్వాడు. “ఏమప్పా, కొండకు మొగం సూపిచ్చేకి వచ్చినావా?”

కసరత్తు నేర్పే హవల్దారును ఉస్తాద్ అనేవాళ్లం. రోజూ మోచేతులు, కాలివేళ్ల మీద మమ్మల్ని పలకలా నిలిపేవాడు. పొట్ట బిగించాలి, నడుము జారకూడదు, ఊపిరి ఆపకూడదు. తర్వాత నలుగురం స్ట్రెచర్ మీద ఇసుక బస్తా మోస్తూ ఒకే అడుగుగా నడవాలి. ఛాతీ ఉన్నవాడికి నడుముతో పనేమిటని నేను సరిగ్గా ఆ వేళకు మంచు కరిగించి నీళ్లు పట్టే డ్యూటీ అడిగి తీసుకునేవాణ్ణి. కరువుసీమ వాణ్ణి; నీళ్ల పనంటే ఎవరికీ అనుమానం రాలేదు.

జనవరిలో ముదిగుబ్బవాడి ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. మా సీమలో పుట్టినవాడికి నీళ్లతో గండం! హెలికాప్టర్ దిగే చదును ముప్పావు గంట దిగువన ఉంది. మేఘం కమ్మేలోగా చేరాలి.

నేను స్ట్రెచర్‌ను మూట ఎత్తినట్టే ఎత్తాను. ఊపిరి బిగబట్టి, నడుము వంచి, ఒక్క గుంజు. మూటకది చాలు, లారీ పక్కనే ఉంటుంది. ఇక్కడ సగం దారిలో నడుము పట్టేసింది. నా అడుగు తప్పింది, దాంతో మిగతా ముగ్గురి అడుగులూ తప్పాయి. మోయడంకంటే దించడమే ఎక్కువైంది. ఉస్తాద్ ప్రతిసారీ మళ్లీ ఒకటి నుంచి అడుగులు లెక్కపెట్టాడు. తిట్టి ఉంటే బాగుండేది.

మళ్లీ దించినప్పుడు స్ట్రెచర్ మీది ముదిగుబ్బవాడే అన్నాడు: “నిదానంగా పోదాంలేప్పా. నేనేమన్నా పరుగు పందేనికి పోతాండానా?”

చదును చేరేసరికి మేఘం మాకంటే ముందే దిగింది. ఏమీ కనబడటం లేదు, వెనక్కి పోతున్నానని పైలట్ రేడియోలో చెప్పాడు. రెక్కల చప్పుడు మాత్రం విన్నాం. సాయంత్రానికి వాడు లేడు.

సైన్యం ఇక పనికిరావన్నాక, నడుముకు బెల్టుతో ఊరొచ్చాను. ఆ ఏడూ వాన లేదు. ఇప్పుడు సైన్యం సెలక్షన్లకు తయారయ్యేవాళ్లు మా ఖాళీ కళ్లంలో ఛాతీలు పెంచుతుంటారు. పలకలా నిలవమంటే ఒక్కడూ వినడు. నాకేమో స్ట్రెచర్ అంచున వేలాడిన వాడి చెయ్యే కనబడుతుంది, నా అడుగుకోసారి, ఆ ముగ్గురి అడుగుకోసారి ఊగుతూ.

చివరికి ఆ అద్దం మీదే కసి తీర్చుకున్నాను. కళ్లంలో పాతిన రాతికూసానికి, సరిగ్గా నడుమెత్తున బిగించాను.

“మొగం కనపడల్యా అన్నా” అన్నాడొకడు.

నడుము చూసుకొమ్మన్నాను. వాళ్లు నడుములు వంచి మరీ ఛాతీలు చూసుకుంటున్నారు.