సుమియె వెనకనున్న కొండ

టూరు బస్సులో గైడు ప్రయాణికుల వైపు తిరిగి నిలబడుతుంది. తెల్ల తొడుగు వేసుకున్న చేయి చాచి "అటు చూడండి" అంటుందే గాని, తను మాత్రం చూడదు. సుమియె ఏళ్ల తరబడి చేస్తున్న పని ఇదే. కాకపోతే ఆమె చేయి చూపిన చోట ఫుజి కొండ కనబడటం అరుదు. ఆమె బస్సెక్కితే మబ్బు కూడా ఎక్కుతుందని కంపెనీ అంతా అంటారు. వానమనిషి అని పేరు పడిపోయింది. ఆ పేరున్నవాళ్లు ఊరికి ఒకరిద్దరుంటారు, నవ్వేసి ఊరుకుంటారు. సుమియె కూడా నవ్వేది. ఇంటికెళ్లాక మాత్రం నవ్వు వచ్చేది కాదు. ఈసారీ కొండ దాక్కుంటే టికెట్ల గదికి మార్చమని అడిగేయాలనుకుంది.

"వానమ్మగారొచ్చారు, వైపర్లు చూసుకోవాలి," అన్నాడు డ్రైవరు హతానో. వాన రాకుండా అద్దానికి తెల్లగుడ్డ బొమ్మను కూడా వేలాడదీశాడు.

ఆ రోజు ఎక్కింది ఉత్తరాది రేవు పట్నం నుంచి వచ్చిన పెద్దల సంఘం. ముందు సీట్లో ఇసో బామ్మ. ఊరంతా వచ్చి స్నానం చేసే స్నానశాల ఆవిడదే. తొట్టి పైన గోడ నిండా ఫుజి బొమ్మ. దాని కింద పలకలు తోముతూ తోముతూ ముసలిదైపోయింది. ఈ వసంతంలో స్నానశాల మూసేశారు.

"పెయింటరు నిజం గీశాడో అబద్ధం గీశాడో చూసి పోదామని వచ్చానమ్మాయ్."

"అబద్ధమైతే ఏం చేస్తారు బామ్మగారూ?"

"వాడు మా ఇంట్లో తాగిన సాకే సారా అంతా కక్కిస్తా."

"వాడెప్పుడో పోయాడుగా," అని వెనక సీట్లోంచి ఎవరో గుర్తుచేశారు.

"పోతే పోయాడు, నేనూ అటే వెళతాగా."

కొండ కనబడాల్సిన చెరువు దగ్గర బస్సు ఆగేసరికి ఎదురుగా బూడిద రంగు మబ్బు తప్ప ఏమీ లేదు. సుమియె గుంపుకు దారి చూపే చేతిజెండా హతానోకి ఇచ్చింది.

"వీళ్లని మీరు తీసుకెళ్లండి. నేను దిగితే అది రాదు."

హతానో ఈసారి నవ్వలేదు. జెండా తీసుకుని దిగిపోయాడు. సుమియె చెరువు వైపు తెరలన్నీ లాగి, చివరి సీట్లో కళ్లు మూసుకుని కూర్చుంది.

కాసేపటికి మెట్ల మీద రొప్పు వినబడింది. ఇసో బామ్మ.

"నీ డ్రైవరు చెప్పాడులే. ఊరు ఊరంతా నా కొండ ముందు బట్టలు విప్పింది. అది ఒక్కనాడూ మొహం తిప్పుకోలేదు. నిన్ను చూసి తిప్పుకుంటుందా? పద, చెయ్యి పట్టుకో, ఈ మెట్లు ఎత్తు."

సుమియెకు నవ్వాగలేదు. అలవాటు కొద్దీ బామ్మ వైపు తిరిగి, వెనక్కి అడుగులేస్తూ దింపింది. గట్టు మీద నాలుగడుగులు వేశారో లేదో, బామ్మ ఆగిపోయింది. పట్టు బిగిసింది. గట్టున కబుర్లన్నీ ఆగిపోయాయి. హతానో టోపీ తీశాడు.

"తిరుగు," అంది బామ్మ మెల్లిగా.

"తిరిగితే పోతుందేమో."

"పోదు, తిరుగు."

తిరిగింది. ఆమె వెతికే చోట మబ్బే ఉంది. కొండ దానికి ఎంతో పైన, ఆకాశంలో, తెల్లగా నిలబడి ఉంది. చూస్తూనే ఉంది సుమియె. అది పోలేదు. గుండెల మీది బరువెవరో దించినట్టయింది.

"నిజమే గీశాడా బామ్మగారూ?"

"ఎక్కడ? గోడ చాల్లేదు పాపం వాడికి."

తిరుగు ప్రయాణంలో సుమియె మళ్లీ వాళ్ల వైపు తిరిగి నిలబడి మైకందుకుంది. ఒక్కరూ వినడం లేదు. చెరువు చుట్టి పోయే దారిలో అందరి కళ్లూ ఆమె భుజం మీదుగా, ముందు అద్దంలో నిలిచిన కొండ మీదే.

"రేపటి బస్సుకూ వానమ్మగారేనా?" అన్నాడు హతానో, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

"నేనే," అని మైకు దించేసింది సుమియె.