మూడు మెట్లు కింద

మా అత్త, అంటే మా నాన్నకు అక్క, తనని ఎవరైనా గాయని అంటే ఒప్పుకోదు. "సొప్రానో అను" అంటుంది. మా చర్చి క్వయర్‌లో ఆడవాళ్ల పై స్వరం సొప్రానో, కింది స్వరం ఆల్టో. మగవాళ్లలో టెనర్, అందరికంటే అడుగున బేస్. చిన్నప్పుడు నేను సొప్రానో అంటే తహసీల్దారు లాంటి ఉద్యోగం అనుకునేదాన్ని. అత్త నడక చూసినవాళ్లెవరైనా అలాగే అనుకుంటారు.

ఆమె ఘనత చిన్నదేమీ కాదు. నెల్లూరు హాస్టల్లో ఉండి చదువుకునే రోజుల్లో ఒక టీచరమ్మ ఆమె గొంతు విని ముందు వరసలో నిలబెట్టిందట. అప్పటినుంచి ఆమె వెనక వరస మొహం చూడలేదు. వెంకటాచలం నుంచి మనుబోలు దాకా ఆమె పాడని పెళ్లి లేదు, భూస్థాపన లేదు. మనుబోలు పెద్దాయన ఒకరు పనిగట్టుకుని వచ్చి, తను పోయాక భూస్థాపనకు ఆమే పాడాలని ముందుగానే మాట తీసుకుని పోయాడు. ఆయన ఇప్పటికీ గట్టిగానే ఉన్నాడు. ఆ విషయంలో అత్తకు కాస్త అసంతృప్తి ఉందని నా అనుమానం.

ఒకసారి నా ఫోన్లో విదేశాల్లో గొప్ప పేరున్న ఒపేరా సొప్రానో పాట చూపించాను. ఆమె మెడలో రాళ్ల హారం, వెనక బోలెడంతమంది వాద్యగాళ్లు, ముందు మేడల్లాంటి గ్యాలరీలు. అత్త కళ్లజోడు సవరించుకుని చివరిదాకా వింది.

"బాగానే పాడతాది. అంత నోరు తెరవాల్సిన పన్లే" అని ఫోన్ తిరిగిచ్చింది. వంటింట్లోకి పోతూ, "ఆమెకి వంటపని ఉండదు గదా" అని కూడా అంది.

డిసెంబరు వచ్చిందంటే అత్త ఇంట్లో చింతపండు బంద్. పులుపు గొంతుకు పడదని ఆమె నియమం. సముద్రం పక్కన కాపురం పెట్టుకుని నెలంతా చేపల పులుసు లేకుండా ఉండటమంటే ఏమిటో మా మామనే అడగాలి. ఆయన వరి పండించే మనిషి, క్వయర్‌లో బేస్. పులుసు మానినా తిన్నా ఆయన గొంతు మారేది కాదు. అయినా శిక్ష ఇద్దరికీ సమానం. అందుకని మధ్యాహ్నం పొలం నుంచి నేరుగా మా ఇంటి వెనక గుమ్మంలోకి వచ్చి, బొమ్మిడాయిల పులుసుతో అన్నం తిని, చేతులు సబ్బుతో మూడుసార్లు కడుక్కుని, తమలపాకు నములుతూ పోయేవాడు. అత్త గేటు దగ్గరే పట్టేసేది.

చర్చిలో కీబోర్డు వాయించేది నేను. ప్రతి క్రిస్మస్‌కీ మేం పాడే పాట ఒకటుంది. దాని చివర అందరూ ఆగిపోతే అత్త ఒక్కతే పైకి, చాలా పైకి వెళ్తుంది. ఆ ఒక్క స్వరం కోసమే జనం వస్తారని ఆమె నమ్మకం. పాస్టరుగారి ప్రసంగం కోసం కాదని మాకూ తెలుసు. ఆమెకు అరవై దాటిన ఏడు, ప్రాక్టీసులో సరిగ్గా అక్కడే గొంతు పలచబడి విరిగిపోయింది. అత్త రెండుసార్లు దగ్గి, "ఫ్యాన్ గాలి" అంది. ఫ్యాన్ తిరగడం లేదు.

మా కీబోర్డులో ఒక బటన్ ఉంది. ఒకసారి నొక్కితే పాట మొత్తం ఒక మెట్టు కిందికి దిగుతుంది. వేళ్లు మామూలు చోటే ఆడతాయి కనక చూసేవాళ్లకు ఏమీ తెలియదు. మరుసటి ప్రాక్టీసుకు నేను ఎవరికీ చెప్పకుండా ఒకసారి నొక్కాను. అత్త ఆ స్వరాన్ని హాయిగా అందుకుని, "మజ్జిగ మానేసినాను, చూసినావా" అంది. తర్వాతి ఏడు రెండుసార్లు నొక్కాను, ఆ పై ఏడు మూడుసార్లు. ఏడాదికేడాది తన గొంతు లేతబడుతోందని అత్త ఊరంతా చెప్పుకునేది. నా తెలివికి నేనే మురిసిపోయేదాన్ని.

నాకు తట్టని సంగతి ఒకటుంది. పాట దిగితే అందరూ దిగాలి. ఆల్టోలు, టెనర్లు ఎలాగో సర్దుకున్నారు. అడుగున ఉన్నవాళ్లు ఇంకెక్కడికి దిగుతారు? కింది స్వరాల దగ్గర మామ నోట్లోంచి గాలి తప్ప ఏమీ రావడం లేదు. ఒకరోజు అత్త పాట మధ్యలో ఆపించింది.

"ఏమయ్యా, నీ గొంతు వినపడలా. వయసైపోయింది నీకు. ఈ క్రిస్మస్‌కి పాడేసి, ఇంక కుర్చీలు సర్దే పని చూసుకో."

అందరూ నవ్వారు. మామ కూడా నవ్వాడు. నాకు సిగ్గేసింది. ప్రాక్టీసయ్యాక ఆయన్ని మోటార్ సైకిల్ దగ్గర పట్టుకుని జరిగిందంతా చెప్పేశాను. అత్తకు కూడా చెప్పేస్తానన్నాను.

"తెలుసు పాపా" అన్నాడు మామ. "మొదటి ఏడే తెలుసు. ఇన్నేళ్లు పాడిన పాట, ఎంత కిందికి పోయుండాదో నా గొంతుకి తెలీదా?"

"మరి అన్ని మాటలు ఎందుకు పడ్డావు మామా?"

"నా గొంతు కోసం ఎవురూ చర్చికి రారు గదా. మీ అత్తకి చెప్పబాక." బండి స్టార్ట్ చేసి, "ఇంట్లో పులుసేమన్నా ఉండాదా?" అన్నాడు.

ఆ వారమే వెంకటాచలంలో పండగకు ముందు జరిపే సెమీ క్రిస్మస్‌కు మా క్వయర్‌ను పిలిచారు. అక్కడ వాళ్ల కీబోర్డు మీదే వాయించాలి. ముందుగా వెళ్లి చూస్తే ఆ బటన్ ఊడిపోయి ఉంది, దాని చోట ప్లాస్టర్ అంటించారు. బటన్ లేకుండా మూడు మెట్లు కింద వాయించే విద్య నాకు రాదు. చెప్పుకుందామంటే అత్త పక్కనే నిలబడి చీర కుచ్చిళ్లు సర్దుకుంటోంది.

పాట మొదలైంది. వెనక వరసలోంచి మామ గొంతు లేచింది. బోరు మోటారు వేయగానే కాలవలోకి నీళ్లు పడ్డట్టు నిండుగా వచ్చింది. ఆ గొంతు విని రెండేళ్లయింది. పాడేటప్పుడు తల తిప్పితే ఎవరినైనా చీవాట్లు పెట్టే అత్త, తల తిప్పి మామను చూసింది. తర్వాత నా చేతులు చూసింది. ఆ తర్వాత కీబోర్డు మీది ప్లాస్టర్ చూసింది. ఇక ఆమెకు తెలియంది ఏమీ లేదు.

చివరికొచ్చేసరికి అందరూ ఆగారు. అత్త పైకి వెళ్లలేదు. అదే స్వరాన్ని కింద, మెల్లగా పాడి ముగించింది. పాట అలాగే ఉంటుందనుకుని వెంకటాచలం వాళ్లు చప్పట్లు కొట్టారు.

తిరుగు ప్రయాణంలో ఆటోలో అత్త ఒక్క మాటే మాట్లాడింది, అదీ మామతో. "మఫ్లర్ కట్టుకో."

మరుసటి ప్రాక్టీసుకు అత్త అందరికంటే ముందే వచ్చి ఆల్టోల బెంచీ మీద కూర్చుంది. నేను కీబోర్డు ఆన్ చేసి అలవాటుగా బటన్ మీద వేలు పెట్టాను.

"దాని జోలికి పోబాక పాపా. పాట ఎక్కడుండాల్నో అక్కడే ఉండనీ."

"మరి చివర్లో ఆ స్వరం?"

"ఎవురైనా పాడితే పాడతారు, లేకుంటే లే. అడుగున బేస్ ఉండాల గదా."

పది నిమిషాలు తిరక్కుండానే ఆల్టోలు ఒక్కరూ సరిగ్గా ఊపిరి తీయడం లేదని తేల్చేసింది. వాళ్లు నా వంక చూశారు. నేను కీబోర్డు వంక చూశాను.

మరునాడు మధ్యాహ్నం మామ మా ఇంటికి రాలేదు. ఒంట్లో బాగాలేదేమోనని వెళ్లి చూశాను. గేటు దగ్గరికే వాసన వచ్చింది. డిసెంబరు నెలలో, అత్త ఇంట్లో, బొమ్మిడాయిల పులుసు. మామ తలొంచుకుని తింటున్నాడు. అత్త పక్కన కూర్చుని ఆయన కంచంలో చేపముక్కలు విప్పి ముళ్లు తీస్తోంది.

"నిదానంగా తిను" అంటోంది. "గొంతులో ముల్లు గుచ్చుకుంటే రేపు పాడేదెవురు?"