మద్రాసు ఎండలో హీటరు పెట్టాను

ఈ రోజు మధ్యాహ్నం మా మేనత్తను చింతాద్రిపేటలో కారెక్కించుకుని, తిరువొత్తియూరులో చుట్టాల నిశ్చితార్థానికి బయలుదేరాను. సగం దారిలో ఒక వంతెన మీద ట్రాఫిక్ పూర్తిగా ఆగిపోయింది. అప్పుడే గమనించాను, ఇంజను వేడిని చూపించే ముల్లు ఎర్రగీత వైపు పాకుతోంది. పక్కకు తీసి ఆపుదామంటే చోటు లేదు. ఏసీ ఆపేశాను, అద్దాలు దించాను, హీటరు పూర్తిగా తిప్పి ఫ్యాను చివరిదాకా పెట్టాను. పట్టుచీరలో ఉన్న అత్త మొహం మీదికి వేడిగాలి కొట్టింది.

"ఏమ్మే, ఈ ఎండలో హీటరా? నీకు బుద్ధుండాదా?"

"ఇంజన్లో వేడిని ఇట్టా బయటికి లాగితే ముల్లు దిగతాది అత్తా. వంతెన దిగిందాకా ఓర్చుకో."

ఆమె నమ్మలేదు. కొంగుతో మెడ తుడుచుకుంటూ ముల్లునే చూస్తూ కూర్చుంది. "దిగతా ఉండాదే" అని ముందుగా అన్నది మాత్రం ఆమే.

వంతెన దిగాక నీడలో ఆపి, ఇంజను బాగా చల్లారనిచ్చి చూస్తే దాన్ని చల్లబరిచే కూలెంటు ద్రవం తగ్గిపోయి ఉంది. పోసుకుని, ఏసీ లేకుండా మెల్లగా వెళ్లాం. అప్పటికే తాంబూలాలు మార్చుకోవడం అయిపోయింది. నాకు చీవాట్లు తప్పవనుకున్నాను. కానీ అత్త అందరినీ చుట్టూ కూర్చోబెట్టుకుని, కారు వేడెక్కితే ఏం చేయాలో పాఠం మొదలుపెట్టింది. ఆమె జన్మలో స్టీరింగు పట్టుకోలేదు. అయినా ఒక్క ముక్క కూడా తప్పు చెప్పలేదు.

మీలో ఎంతమందికి ఈ సంగతి తెలుసు? తెలియకపోతే మా అత్తను అడగండి.