మూడోదాని కోసం

సూర్యాపేటలో బస్సెక్కి కూర్చున్నాను. పక్క సీట్లో అమ్మాయి ఫోనులో, ఎర్రగా వెలిగే గారెలాంటి బొమ్మ ఉంది. అదేమిటని అడిగాను.

"బ్లాక్ హోల్, అంకుల్. మధ్యలో చీకటి ఉంది కదా, అదే. వీటి మీదే నా పరిశోధన." మాట కోదాడ వైపుది. "ఇప్పటిదాకా ఇలా ఫొటోకి చిక్కినవి రెండే."

"ఉన్నయే రెండా?"

"కోట్లకు కోట్లున్నాయి. చంద్రుడి మీద బత్తాయి పెడితే ఇక్కడికెంత కనిపిస్తుందో, ఈ రెండూ అంత. మిగతావి వడ్లగింజంత, ఇంకా చిన్నవి. వాటికోసం రేడియో టెలిస్కోపును అంతరిక్షంలోకి పంపాలి."

"పంపితే ఎన్ని దొరుకుతయి?"

"నిజం చెప్పాలంటే కొన్నే. నా జీవితంలో ఇంకొక్కటి చూసినా చాలు."

మునగాల దాటుతుంటే పొలాలపైన పగటి చంద్రుడు పలచగా కనిపించాడు. అక్కడొక వడ్లగింజ ఉందనుకుని చూశాను. ఫొటోకి చిక్కినవాటిని లెక్కపెట్టుకున్నాను. తెలియకుండానే "లాభం, రెండు" అని పైకి అనేశాను.

ఆమె వింతగా చూసింది.

"మాది గింజల కొట్టు బిడ్డా. కొలిచేటప్పుడు ఒకటి అనం. మొదటి మానికను లాభం అంటం."

"లాభం, రెండు," అంటూ ఆమె రెండు వేళ్ళు మడిచింది. మూడో వేలును మడవకుండా దానికేసే చూస్తూ ఉండిపోయింది. కోదాడలో దిగిపోయింది.

ఇప్పటికీ కొట్లో రెండో మానిక పోశాక నా చెయ్యి ఆగుతుంది.

"లెక్క తప్పినవా సేటూ?" అంటారు.

"లేదు. మూడోదాని కోసం సూస్తున్న," అంటాను.