స్పీకర్లో అడిగిన ప్రశ్న

నిరుడు అమెరికాలోని ఫ్రీమాంట్‌లో ఇంటర్న్‌షిప్ చేశాను. అంతర్యుద్ధం చూసిన ఒక దేశంలో కుర్రకారు నడిపే శాంతి రేడియో ఏమాత్రం పనిచేసిందో తేల్చడం నా పని. రేడియోలో మాట్లాడే అమీనాకు వీడియో కాల్ చేసి, ఫారంలో ఉన్నది ఉన్నట్టు అడిగేశాను.

"అవతలి తెగవాళ్ల మీద నీ నమ్మకానికి ఐదుకి ఎన్ని మార్కులు?"

ఆమె ముఖం పాలిపోయింది. "సిస్టర్, కరెంటుందని ఆ తెగవాళ్లింటికే వచ్చాను. స్పీకర్ ఆన్‌లో ఉంది."

నా మాస్టర్స్ డిగ్రీ ఆ క్షణాన పెద్దగా అక్కరకు రాలేదు. నా ప్రశ్న వల్ల ఆ పిల్లకేమవుతుందోనని భయపడ్డాను.

ఇంతలో ఆ ఇంటాయన, బడిపంతులట, తెరలోకి వంగాడు. "మూడు వేయమ్మా. మీకూ మాకూ మేకల తగువింకా తేలలేదు."

"నేను నాలుగు అందామనుకున్నా మాస్టారూ!" అంది అమీనా. ఇద్దరూ నవ్వేశారు. నాకు మాత్రం నవ్వడానికి కాసేపు పట్టింది.

ఇప్పుడు ఎవరికి ఫోన్ చేసినా, ముందు "పక్కనెవరున్నారు?" అని అడుగుతాను. మా అమ్మకైనా సరే.