పెన్నీ ఏం తిన్నదో రాయి

మొన్న సాయంత్రం మా వీధి చివర కొత్తగా తెరిచిన కుక్కల తిండి దుకాణం ముందు నుంచి నడిచి వస్తున్నాను. దుకాణదారు ఒక సంచి మూతి కత్తిరించి, లోపలి బిళ్ళల్ని గలగలమంటూ డబ్బాలోకి ఒంపాడు. వేయించిన గోధుమ వాసన, దాని అడుగున ఎండిన మాంసం వాసన. నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. "ఏం కావాలండీ? చిన్న కుక్కకా, పెద్దదానికా? వయసెంత?" అని అతను అడిగాడు. నాకు కుక్క లేదని చెప్పడానికి బదులు "చిన్నదేనండి" అన్నాను. అరవై ఏళ్ళ కిందటి భయం ఒక్క వాసనతో లేచి వచ్చి నా ఎదుట నిలబడింది. ఆ భయంతో పాటు శాంతమ్మ గారూ వచ్చారు.

అవి యాభైల చివరి రోజులు. నాకు ఇరవై ఏళ్ళు. వినుకొండ దగ్గరి పల్లె నుంచి వచ్చి, గుంటూరుకీ నల్లపాడుకీ మధ్య ఉన్న ఒక ఆడపిల్లల బడిలో టీచరుగా చేరాను. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. బడి ఆవరణలోనే హాస్టలు, అందులోనే నాకో గది. మా హెడ్మిస్ట్రెస్ శాంతమ్మ గారు. పొన్నూరు వైపు వరి చేలల్లో కూలికి వెళ్ళే తల్లిదండ్రులకు పుట్టి, మిషను వాళ్ళ బడిలో చదువుకుని ఆ కుర్చీ దాకా వచ్చిన మనిషి. పెళ్ళి చేసుకోలేదు. గట్టిగా మాట్లాడి ఎరగరు, కానీ ఆవిడ వరండాలో నడుస్తుంటే తరగతి గదులన్నీ సద్దుమణిగేవి. నేనేమో పుట్టు పిరికిదాన్ని. గడియ వేశానో లేదో మూడుసార్లు చూసుకునేదాన్ని. ఇన్‌స్పెక్టరు వస్తున్నారంటే ముందు రోజు నుంచే అన్నం సయించేది కాదు. అలాంటి నన్ను ఆవిడ ఒక మాఘమాసపు మధ్యాహ్నం ఆఫీసు గదిలోకి పిలిచారు.

ఆవిడ కుర్చీ పక్కన పెన్నీ పడుకుని ఉంది. పిల్లి కన్నా కాస్త పెద్దది. గోధుమరంగు జూలు, గుప్పెడంత మూతి. అంతకు ముందు బడి నడిపిన దొరసాని తన దేశం వెళ్ళిపోతూ ఆవిడకు అప్పగించిన కుక్క అది. "సరోజినీ, నాకు కడుపులో గడ్డ ఉందిట. ఆపరేషనుకి మద్రాసు వెళుతున్నాను. నెల పట్టవచ్చు. దీన్ని నువ్వు చూడాలి" అన్నారు. బీరువాలోంచి ఒక రేకు డబ్బా తీసి బల్ల మీద పెట్టారు. "దీని పొట్ట సున్నితం. పాలు పోసినా, అన్నం పెట్టినా విరేచనాలు పట్టుకుంటాయి. పొడి తిండే తినాలి. ఈ సీమ బిస్కెట్లు పది రోజులకొస్తాయి. మళ్ళీ తెప్పించే దారి లేదు. ఈ లోపల ఇక్కడ దొరికే వాటిలోనే దీనికి సరిపడే ఎండు తిండి ఏదో నువ్వు ఎంచి, అలవాటు చెయ్యి. రోజూ ఒక కార్డు రాయి."

"నా వల్ల అవుతుందా అమ్మగారూ?" అన్నాను. "అవుతుందో కాదో చూద్దాం" అన్నారు. ఇంకెవరైనా అయితే "ఎందుకు కాదు" అనేవాళ్ళు.

ఆవిడ రైలెక్కిన సాయంత్రం నుంచే నాకు నిద్ర కరువైంది. డబ్బాలో బిస్కెట్లు లెక్కపెడితే నలభై. మర్నాడు మళ్ళీ లెక్కపెట్టాను, తగ్గిపోయాయేమోనని. పది రోజులు ఆగే ఓపిక లేక, రెండో రోజే జొన్నరొట్టె తెచ్చి ముక్కలు చేసి, పెరట్లో ఎండబెట్టి పెట్టాను. పెన్నీ ఆశగా నమిలింది. కాసేపటికి మూతి నేలకేసి రుద్దుకుంటూ గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. గిన్నెడు నీళ్ళు తాగి కక్కేసింది. జొన్న పడలేదు కాబోలనుకుని మర్నాడు బజారు నుంచి రస్కులు తెప్పించాను. మెత్తబడి ఉన్నాయని వాటినీ ఎండలో ఆరబెట్టి పెట్టాను. మళ్ళీ అదే బాధ. ఆ తర్వాత అటుకులు. నాలుగో రోజుకి దాని విరేచనంలో నెత్తురు జీర కనబడింది. పశువుల ఆసుపత్రి డాక్టరు గారు పొట్ట నొక్కి చూసి, "ఏం పెడుతున్నారమ్మా?" అన్నారు. "పొడివేనండీ" అన్నాను. ఆయన నా వైపు అదోలా చూసి, ఒక పొట్లం మందిచ్చి పంపించారు.

ప్రతి సాయంత్రం మాత్రం కార్డు రాసేదాన్ని. "పెన్నీ కులాసా. మీరు ఏమీ బెంగ పెట్టుకోవద్దు." ఆపరేషనుకి వెళ్ళిన మనిషికి ఏమని రాయను? ఒకవేళ కుక్క చచ్చిపోతే ఏ ముఖంతో ఆవిడ ఎదుట నిలబడను? ఉద్యోగం పోతుందన్న భయం ఎలాగూ ఉంది. కానీ దాని కన్నా, పెన్నీ తలుపు దగ్గర పడుకుని, నేను గిన్నెతో వస్తుంటే తోక ఆడించకుండా వెనక్కి జరగడం నన్ను ఎక్కువ కాల్చేసింది. అది నా చేతిని నమ్మడం మానేసింది.

ఏడో రోజు శాంతమ్మ గారి జవాబు వచ్చింది. కార్డు నిండా లేదు, ఏడు వాక్యాలే. "సరోజినీ, నీ కార్డులు నాలుగు అందాయి. నాలుగింటిలోనూ కులాసా అనే రాశావు. కులాసా అన్నది కంటికి కనబడేది కాదు. పెన్నీ ఏం తిన్నదో రాయి. ఎంత తిన్నదో, ఆ తర్వాత ఏం చేసిందో రాయి. బాగాలేకపోతే బాగాలేదని రాయి. నువ్వు చూసింది రాయి, నాకు ఏది ఇష్టమో అది కాదు."

ఆ కార్డు పట్టుకుని బడి వెనక మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. ఏడుపు ఆగాక ఇన్లాండు కవరు తెచ్చి మొదటి రోజు నుంచీ వరసగా రాశాను. అబద్ధం రాశానని ముందే ఒప్పుకున్నాను. జొన్నరొట్టె, హాస్టలు వంటింటి నుంచి తెచ్చాను, పెరట్లో చాప మీద ఎండబెట్టాను, ముప్పావుగంటకి కక్కింది. రస్కులు, బజారు నుంచి, చాప మీద ఆరబెట్టాను, కక్కింది. అటుకులు, చాప మీద. అక్కడ కలం ఆగింది. సీమ బిస్కెట్లు తిన్న పూటల్లో ఏ బాధా లేదు. అవి చాప మీదికి వెళ్ళలేదు.

లేచి పెరట్లోకి పరుగెత్తాను. చాప మీద వేలు రాసి నాలుక మీద పెట్టుకున్నాను. చుర్రుమంది. అప్పుడే వంటమనిషి ఏసమ్మ బిందెతో అటుగా వచ్చింది. "ఏందమ్మా, చాప నాకుతుండావు?" అంది. "ఏసమ్మా, దీని మీద ఏం ఎండబోశావు?" "మిరగాయలు! పోయిన వారం దాకా పోశాగా! ఏడాది కారం పిల్లలందరికీ ఎక్కణ్ణుంచి వస్తది? నన్నొక్క మాట అడిగితే చెప్పనా?" నిజమే. అడగలేదు. నా భయం ఎవరికీ తెలియకూడదని వారం రోజులు ఎవర్నీ ఏమీ అడగలేదు. ఆ మూగదాని నోట్లో అన్ని రోజులూ కారం నేనే పెట్టాను. ఆ సంగతి కూడా రాసి కవరు అంటించాను.

కారణం తెలిసినా కష్టం తీరలేదు. పెన్నీ ఇప్పుడు సీమ బిస్కెట్టు తప్ప ఏది చూపించినా మూతి తిప్పేస్తోంది. డబ్బాలో పన్నెండే మిగిలాయి. ఈసారి ముందుగా అడగడానికి వెళ్ళాను. నల్లపాడు స్టేషను దగ్గర కరీం సాయిబు గారని రొట్టెల బట్టీ నడిపే పెద్దాయన ఉండేవారు. పెన్నీని చంకన పెట్టుకుని, ఒక బిస్కెట్టు పట్టుకుని వెళ్ళాను. ఆయన బిస్కెట్టు వాసన చూసి, కొస విరిచి నమిలి చూశారు. "గోధుమ, ఏదో మాంసం రసం. చక్కెర లేదు, ఉప్పు లేదు. నా రస్కు దీనికి పనికిరాదమ్మా, చక్కెరే కదా అందులో" అన్నారు. తర్వాత చేతులు కడుక్కొచ్చి, పెన్నీ నోరు మెల్లగా తెరిచి పళ్ళు చూశారు. "వెనక రెండు పళ్ళు కదులుతున్నయ్. నోరు ఇంతే ఉంది. చింతగింజంత ముక్కలు చెయ్యాలి, గట్టిగా ఉండకూడదు, గుల్లగా ఉండాలి. కంగారుపడి రోజుకొకటి మార్చబాకమ్మా. ఒక్కటే పెట్టి మూడు రోజులు చూడు."

మా ఇంట్లో మాంసం వండరు. అయినా ఏసమ్మ కాచి ఇచ్చిన ఎముకల రసం క్యారేజీలో పెట్టుకుని రైలు కట్ట వెంట నేనే నడిచి వెళ్ళాను. ఆయన దాంతో గోధుమపిండి కలిపి, బట్టీ చల్లారే వేడిలో రెండుసార్లు కాల్చి ఇచ్చారు. మొదటి రోజు సీమ బిస్కెట్టు పొడిలో ఒక్క ముక్క దాచి పెట్టాను. పెన్నీ దాన్ని వదిలేసింది. రాశాను. రెండో రోజు నాకి వదిలేసింది. అదీ రాశాను. మూడో రోజు చిన్నగా కరకరమని చప్పుడు వినబడింది. కక్కుతుందేమోనని పాఠం మానుకుని దాని ఎదుటే కూర్చున్నాను. కక్కలేదు. "నాలుగు ముక్కలు తిన్నది. నిద్రపోతోంది. ఇంకా నాకు భయంగానే ఉంది" అని రాశాను.

నెల తర్వాత శాంతమ్మ గారు తిరిగి వచ్చారు. సగమై వచ్చారు. పెన్నీ ఎగిరి ఒళ్ళో పడితే రెండు చేతులా పట్టుకోలేకపోయారు. నేను తిట్లు తినడానికి సిద్ధపడి నిలబడ్డాను. "కూర్చో. నీకు నేను కూడా ఒకటి చెప్పాలి. గడ్డ తీసేశారు, బాగున్నాను అని ఆ తర్వాతి కార్డులో రాశాను కదా? తీయలేదు. కోసి చూసి, లాభం లేదని మూసేశారు" అన్నారు. నేను అప్పుడు కూర్చున్నాను. "చూసింది రాయమని నీకు చెప్పాను. నువ్వు రాశావు. నీ ఉత్తరం మంచం మీద చదువుకుని సిగ్గుపడ్డాను, సరోజినీ."

ఆ తర్వాత ఆవిడ అయిదు నెలలు బతికారు. మద్రాసులో కోసి చూసిన రోజు నుంచే ఆవిడ బంధువులకి విషయం తెలుసుట. వచ్చిన ప్రతివాళ్ళూ "బాగా తేరుకున్నావే" అని వెళ్ళేవాళ్ళు. ఆవిడ తల ఊపేవారు. వాళ్ళు వెళ్ళాక నన్ను పిలిచి, "నువ్వు చెప్పు" అనేవారు. మొదట్లో దిండు సర్దుతూ మాట మార్చేదాన్ని. తర్వాత తర్వాత చెప్పగలిగాను. వానలు మొదలైన రోజుల్లో ఒక ఉదయం జావ తాగించాక, "ఇవాళ ఎలా ఉన్నాను?" అని అడిగారు. "నిన్న ఆరు చెంచాలు తాగారు అమ్మగారూ. ఇవాళ రెండే. మీ పాదాలు వాచాయి" అన్నాను. ఆవిడ కళ్ళు మూసుకుని, "అమ్మయ్య. ఒక్కదానివైనా నాతో ఉన్నావు" అన్నారు. రెండు రోజులకి వెళ్ళిపోయారు. పెన్నీ నా దగ్గరే ఉండిపోయింది. కరీం సాయిబు గారి ముక్కలు తింటూ ఇంకో ఆరేళ్ళు బతికింది.

ఇన్నేళ్ళ ఉద్యోగంలో, సంసారంలో నేను గుండె నిబ్బరం గల మనిషినని అందరూ అంటూ వచ్చారు. అది నిజం కాదు. ఈ సంక్రాంతి వెళ్ళాక మా ఆయనకి జ్వరం వచ్చి వారం రోజులు తగ్గలేదు. పిల్లలు ఫోనులో "నాన్నకేం ఫరవాలేదని చెప్పమ్మా" అన్నారు. ఫోను పెట్టేశాక ఆయన నా వైపు తిరిగి, "నిజం చెప్పు, ఎలా ఉన్నాను?" అన్నారు. "పొద్దున రెండు ఇడ్లీలు తిన్నారు, ఇప్పుడు ఒకటి వదిలేశారు. గ్లాసు పట్టుకుంటే చెయ్యి వణుకుతోంది. నాకు భయంగా ఉందండీ" అన్నాను. ఆయన మంచం మీద కాస్త పక్కకి జరిగి, నాకు చోటిచ్చారు.